ఒక్కతే ఉండె

నాగేంద్రమ్మ గడప దాటి లోపలికి రాలేదు. అరుగు మీదే కూర్చుంది. చెల్లెలు పార్వతమ్మ తెచ్చిచ్చిన చాయ గ్లాసు పక్కన పెట్టుకుని, అది చల్లారి మీగడ కట్టేదాకా చూస్తూ కూర్చుంది గానీ ముట్టలేదు.

“తాగక్కా.”

“ఈ ఇంట్ల చాయ నాకొద్దే. ముంగట చాయ వోసి ఎనక నుంచి కొలువు తీపిచ్చే ఇల్లు ఇది.”

మాట పార్వతమ్మతో అంది. తగలవలసింది లోపల పొయ్యి ముందున్న ఆమె కోడలు శిల్పకు. తగిలింది.

పెనం మీద జొన్నరొట్టె మాడుతోంది. తిప్పాలని తెలుసు. తిప్పలేదు. లేచి గడప దగ్గరికి వచ్చింది.

“పెద్దత్తా, నేను నీ మీద ఏం...”

“పెద్దత్త అనకు. మీటింగుల ఆయమ్మ అన్నవ్ గద. గదే అను.”

 నిజమే. పోయిన నెల దవాఖాన మీటింగులో అలాగే అంది. వార్డులో ఆయా పని చేసే నాగేంద్రమ్మను అందరూ ఆయమ్మ అనే పిలుస్తారు. అత్తగారి అక్క అని చెప్తే సొంతమనిషిని వెనకేసుకొస్తోందంటారని, పరాయిదానిలాగా ఆయమ్మ అంది.

వాకిట్లో మామ శాంతయ్య గొడ్డలికి కొత్త కర్ర కామ చెక్కుతున్నాడు. ఇంట్లో ఏ కొట్లాట జరిగినా ఆయనకొక చెక్కే పని దొరుకుతుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో శిల్ప అది చూసి నవ్వుకునేది. ఇప్పుడు ఆ చప్పుడు వింటే ఒళ్లు మండుతోంది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట ఆయన అనొచ్చు. అనడు.

“ఇయ్యాల మీటింగుకు వస్తుందా రాదా, గది చెప్పుమను,” అంది నాగేంద్రమ్మ చెల్లెలితో. “దవాఖాన పెద్ద దశరథం సారు సాఫ్‌గ చెప్పిండు. నీ కోడలు నలుగుట్ల లేసి, నన్ను మంచిగనే చూసిండ్రు, గప్పుడు దుఃఖంల ఏదో అన్న అని అంటె, రేపటి సంది నన్ను డ్యూటీకి రమ్మన్నడు. లేకుంటె లేదు.”

పార్వతమ్మ కోడలి వైపు తిరిగింది. “ఇన్నవ్ గద. ఒక్క మాట. నోరేమన్న అరుగుతదా?”

“మంచిగ చూస్తె నా బిడ్డ ఎట్ల వొయ్యింది అత్తమ్మా?”

కామ చెక్కే చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది.

“పోయిన పిల్ల రాదు గదనే,” అంది పార్వతమ్మ గొంతు తగ్గించి. “మా అక్కకు ఎవరున్నరు? మొగుడా, పిల్లలా? గా దవాఖాననే ఆమె ఇల్లు. నీ మొగున్ని చిన్నప్పుడు ఎత్తుకొని పెంచింది. గామె పొట్ట మీద కొట్టి నువ్వేం బాముకుంటవ్?”

“నేను కొట్టలే.”

“మరెవరు కొట్టిండ్రు? నేనా?”

ఆ ప్రశ్నకు శిల్ప దగ్గర జవాబు ఉంది. కానీ ఈ ఇంట్లో వినేవాళ్లు లేరు.

దవాఖానలో కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. ముప్పై పడకల సర్కారు దవాఖాన. అక్కడ కాన్పయిన ఆడవాళ్లను నెలకోసారి పిలిచి కూర్చోబెట్టి, మిమ్మల్ని ఎట్లా చూశారు, ఏం లోటు జరిగింది, చెప్పండి అని అడుగుతారు. పెట్టింది సుమన డాక్టరమ్మ. మీరు చెప్తేనే మేం దిద్దుకుంటాం, ఎవరినీ శిక్షించడానికి కాదు అని మొదటి రోజే చెప్పింది. పేదోళ్లను నోరు తెరవమనడం సులువు. తెరిచిన నోట్లోంచి వచ్చిన మాట ఎటు పోతుందో, ఎవరి నెత్తిన పడుతుందో చూసుకునే మనిషి ఉండాలి. ఆ మనిషిని మాత్రం ఎవరూ పెట్టలేదు.

శిల్ప అంతకుముందు నలుగురిలో లేచి మాట్లాడిన చోటు ఒక్కటే, ఆదివారం ప్రార్థన మందిరం. అక్కడ సాక్ష్యం చెప్పడానికి ఒక వరస ఉంది. కష్టంలో నీ పక్కన ఎవరు నిలబడ్డారో ముందు వాళ్లను తలుచుకోవాలి. కష్టం సంగతి ఆ తర్వాత. దవాఖానలోనూ అదే వరసన మొదలుపెట్టింది. ఆ రాత్రి నీ దగ్గర ఎవరున్నారమ్మా అని డాక్టరమ్మ అడిగితే, “ఆయమ్మ నాగేంద్రమ్మ ఒక్కతే ఉండె” అంది. ఆమె లేకపోతే నేనూ బిడ్డతోపాటే పోయేదాన్ని అని చెప్పబోయింది. బిడ్డ మాట దగ్గరే ఏడుపొచ్చింది. కూర్చుండిపోయింది.

సగం సాక్ష్యం నోట్లోనే మిగిలింది. బయటపడ్డ సగమే ఆఫీసు గదిలోకి పోయింది. బిడ్డ చనిపోయిన రాత్రి కాన్పుల గదిలో ఎవరున్నారు? నాగేంద్రమ్మ. ఇంకెవరు? ఎవరూ లేరు. అయితే తప్పెవరిది? ఉన్నదానిది. పర్మినెంటు కూడా కాని ఆయమ్మను తీసెయ్యడానికి ఎంతసేపు? వారం తిరక్కముందే తీసి బయట పడేశారు. దిద్దుకోవడం అయిపోయింది.

“శిల్పా! ఓ శిల్పా! ఫోనొచ్చింది, ఉరుకు!”

కిరాణా కొట్టు నుంచి బాలయ్య కేక.

కాయిన్ బాక్సు దగ్గర మాట్లాడితే ఊరంతటితో మాట్లాడినట్టే. కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్లు చింతపండు తూకం వేయించుకుంటున్నారు. శిల్పను చూసి మాటలు ఆపేశారు. ఈ మధ్య అందరూ అంతే. బోరింగు దగ్గర ఆమె బిందె పెట్టగానే, అప్పటిదాకా వాగిన నోళ్లు నీళ్ల చప్పుడు వింటూ నిలబడతాయి.

“నేనే,” అన్నాడు మొగుడు వినయ్ పూనా నుంచి. వెనకాల కాంక్రీటు కలిపే మిషను గరగరలాడుతోంది. “తిన్నవా?”

“ఇంక లేదు.”

“అమ్మ చెప్పింది. గా మాట చెప్పి పారెయ్యరాదు? అయిపోతది.”

“ఏం అయిపోతది?”

“పరేషాన్ అయిపోతది. పెద్దమ్మ నన్ను పెంచింది శిల్పా. గామె ఏడిస్తె నాకు ఈడ పని మీద మనసు వడ్తలేదు.”

శిల్ప ఆడవాళ్లకు వీపు తిప్పి, రిసీవరు చెవికి గట్టిగా అదుముకుంది. “నేను ఏడిస్తె వడ్తదా?”

గరగర.

“గట్ల గాదే...”

“నువ్వు బిడ్డను చూడలే. నేను చూసిన. మంచిగనే చూసిండ్రు అని నేనంటె, గా పిల్ల ఉత్తగనే సచ్చినట్టయితది. పేరు గూడ పెట్టలే మనం. పాస్టరయ్య మట్టి వేసేటప్పుడు ఈ పసిబిడ్డ, ఈ పసిబిడ్డ అన్నడు. ఇంకేమంటడు?”

మిషను ఆగినట్టుంది. అతని ఊపిరి వినబడింది. ఇప్పుడు ఏదో అంటాడనుకుంది. ఆమె కోసం ఒక్క మాట, పూనా నుంచి అయితేనేం.

“నువ్వు గా మాట చెప్పు. చెప్పకుంటె నాకు ఫోన్ చెయ్యకు.”

“నేనెప్పుడు చేసిన? చేసేది నువ్వే గద.”

లైను తెగింది. అతను తెంపాడో అదే తెగిందో తెలియలేదు. తెలుసుకునే దారీ లేదు.

“ఏమంటుండు మావోడు?” బాలయ్య చింతపండు పొట్లం కడుతూ అడిగాడు. “పూనా మంచిగున్నదంటనా?”

“ఆడ అందరు మంచిగనే ఉన్నరంట తాతా.”

ఇంటికొచ్చేసరికి అక్కచెల్లెళ్లిద్దరూ బయలుదేరడానికి నిలబడి ఉన్నారు. మాడిన రొట్టెను శాంతయ్య నీళ్లలో తడుపుకొని తింటున్నాడు. శిల్ప కొంగు సరిచేసుకుంది.

“వస్త,” అంది. “ఏం చెప్తనో ఆడ చెప్త.”

“ఏం చెప్తవో ఈడ్నే చెప్పు!” పార్వతమ్మ అరిచింది.

చెప్పలేదు. ఆమెకే తెలియదు గనుక.

* * *

బస్సులో పార్వతమ్మ, నాగేంద్రమ్మ ఒక సీట్లో కూర్చున్నారు. ఆ పక్కన మూడో మనిషికి చోటుంది. పార్వతమ్మ అక్కడ సంచి పెట్టింది. శిల్ప కడ్డీ పట్టుకుని నిలబడే పోయింది. తిమ్మాజిపేట సంతకు పోయే మిరపకాయ బస్తాల ఘాటుకు బస్సంతా తుమ్ముతోంది. ఆమెకు తుమ్ము కూడా రాలేదు.

దవాఖాన వరండాలో చాప పరిచారు. పసిపిల్లల్ని ఒళ్లో వేసుకుని తల్లులు, వాళ్ల పక్కన అత్తలు, అమ్మలు. ఒళ్లో ఏమీ లేకుండా కూర్చున్నది శిల్ప ఒక్కతే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల కింద దాచుకుంది.

ఎదురుగా కుర్చీలో సూపరింటెండెంటు దశరథం సారు. పక్కన సుమన డాక్టరమ్మ. ఆమె కుర్చీలో కూర్చోదు. చాప మీదే, ఆడవాళ్ల మధ్యలో కూర్చుంటుంది. చీర మడత నలిగినా పట్టించుకోదు. శిల్పను చూడగానే జరిగి దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసింది.

“వచ్చావా? నువ్వు రావేమో అనుకున్నా. ఒంట్లో ఎలా ఉంది?”

పొద్దున్నుంచీ, ఆ మాటకొస్తే చాలా రోజుల నుంచీ, నీ ఒంట్లో ఎలా ఉందని అడిగిన మనిషి ఈమె ఒక్కతే. శిల్పకు ఆ భుజం మీద తల వాల్చేసుకోవాలనిపించింది.

వరసగా అడగడం మొదలైంది.

“ఎట్లా చూశారమ్మా?”

“మంచిగనే చూసిండ్రు మేడం.”

“నీకు?”

“మంచిగనే చూసిండ్రు.”

కోడళ్లు నోరు తెరిచేలోపు అత్తలే చెప్తున్నారు, “మా పిల్లను గూడ మంచిగనే చూసిండ్రు సారూ.” సర్కారు అడిగిందంటే సర్కారుకు నచ్చే మాట చెప్పాలి. రేషను కార్డులో పేరు ఎక్కాలన్నా, తీసెయ్యకుండా ఉండాలన్నా ఈ మాటే అక్కరకొస్తుందని వాళ్ల లెక్క. ఒకామె బిడ్డకు చీమలు పట్టిన సంగతి పక్కామె చెవిలో చెప్పి, డాక్టరమ్మ తనవైపు తిరగ్గానే మంచిగనే అంది. దశరథం సారు ప్రతి మంచికీ తలూపుతున్నాడు.

“శిల్పా, నువ్వు చెప్పమ్మా,” అన్నాడు ఆయనే. గొంతులో బెల్లం. “ఎట్ల చూసిండ్రు?”

పార్వతమ్మ వెనక నుంచి మోచేత్తో పొడిచింది. వరండా చివర, స్తంభానికి ఆనుకుని నాగేంద్రమ్మ నిలబడి ఉంది. వార్డులో పనిచేసేటప్పుడు అక్కడే నిలబడేది. అలవాటు.

శిల్ప లేచింది.

“సారూ, పోయిన్నెల సగం చెప్పి కూసున్న. మిగిలింది చెప్త.”

“చెప్పు, చెప్పు.”

“నాగేంద్రమ్మ ఒక్కతే ఉండె అన్న. ఉండె గనుకనే నేను ఈడ నిలవడ్డ. బిడ్డ అడ్డం తిరిగింది. గామె డాక్టరు గాదు, నర్సు గాదు. ఉరికి ఉరికి గేటు కాడికి వొయ్యింది, ఆఫీసు తలుపులు గుద్దింది, మల్ల నా కాడికొచ్చింది. ఎవ్వరు రాలే. నెత్తురు వోతుంటె తన కొంగు చింపి కట్టింది. గామె లేకుంటె నేను గూడ వోదును. గిది సాక్ష్యం. ప్రభువు సాక్షిగ చెప్తున్న.”

వెనక పార్వతమ్మ మోచెయ్యి ఆగిపోయింది. అక్క కొంగు చింపిన సంగతి ఆమెకు తెలియదు. నాగేంద్రమ్మ చెప్పలేదు. ఇంట్లో ఎవరూ అడగలేదు.

“మంచిదమ్మా, అంటే మావాళ్లు మంచిగ చూసిండ్రన్న...”

“అయిపోలే సారూ. నేను ఉన్నామె పేరు చెప్పిన. ఉన్నామె నౌకరి తీసిండ్రు. లేనోళ్ల పేర్లు నాకెట్ల తెలుస్తయ్? వాళ్లు నాకు కనపడలే గద. గా రాత్రి ఈడ ఎవరుండాలె? గది మీకు తెలుస్తది. మీరు చెప్పుండ్రి.”

 దశరథం సారు గొంతులో బెల్లం కరిగిపోయింది.

“ఇది అడిగే జాగ కాదమ్మా. చెప్పే జాగ.”

“చెప్పుమంటె చెప్పిన. చెప్తె ఏమైతదో చూసిన. గందుకే అడుగుతున్న.”

సుమన డాక్టరమ్మ తలెత్తింది. ముఖం పాలిపోయి ఉంది. “ఆమె అడిగింది న్యాయమే సార్,” అంది మెల్లగా. “నేనే తప్పుగా అడిగాను. ఎవరున్నారు అని కాదు, ఎవరు లేరు అని అడగాలి.” అని స్తంభం వైపు తిరిగింది. “నాగేంద్రమ్మా, ఆ రాత్రి డ్యూటీ ఎవరిదో నీకు గుర్తుందా?”

నాగేంద్రమ్మ స్తంభం వదిలి నిటారుగా నిలబడింది. డాక్టరమ్మ ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. శిల్ప ఆమె పెదాల వైపే చూస్తోంది. చెప్పు పెద్దత్తా. నీ కోసమే అడిగిన. చెప్పు.

“నాకు తెల్వదు మేడం.”

“ఆయమ్మకు డ్యూటీ సంగతులు ఏం తెలుస్తాయి?” దశరథం సారు చటుక్కున అందుకున్నాడు. “సరే, ఈ పిల్ల చెప్పినదాన్ని బట్టి చూస్తే నాగేంద్రమ్మ తప్పేమీ లేదు. రేపటి నుంచి పనిలోకి రా. మిగతావాళ్లు ఎవరున్నారు? తొందరగా కానివ్వండి.”

అంతే. శిల్ప ఇంకా నిలబడే ఉంది. పక్కామెను అడిగారు, పక్కామె మంచిగనే అంది.

మీటింగు ముగిశాక డాక్టరమ్మ మెట్ల దాకా వెంట వచ్చింది. “నేను కనుక్కుంటాను శిల్పా. ఆ రాత్రి ఎవరు ఉండాలో, ఎందుకు లేరో. వచ్చే నెల ఇదే చాప మీద అందరి ముందు నీకు చెప్తాను. మాట ఇస్తున్నా.”

ఆ మాటను శిల్ప రెండు చేతులా పట్టుకుంది. ఇంట్లో దొరకనిది, పూనా నుంచి రానిది ఇక్కడ దొరికింది. దండం పెట్టబోతే డాక్టరమ్మ చేతులు పట్టి దించేసింది.

* * *

తిరుగు బస్సు ఖాళీగా ఉంది. పార్వతమ్మ ముందు సీట్లో కూర్చుని, పొద్దున్నుంచీ తిననందుకేమో, కూర్చున్నదల్లా నిద్రలోకి జారింది. శిల్ప వెనక సీట్లో కిటికీకి ఆనుకుంది. నాగేంద్రమ్మ వచ్చి పక్కన కూర్చుంది.  కందిచేలు, ఎర్రదుబ్బ, మళ్లీ కందిచేలు.

“తెల్వదు అన్నవ్,” అంది శిల్ప చివరికి. కిటికీలోంచి ముఖం తిప్పకుండా.

“అన్న.”

“అబద్ధం.”

“అబద్ధమే. ఏం జేస్తవ్, కొడ్తవా?” నాగేంద్రమ్మ చెల్లెలి తల వైపు ఒకసారి చూసి, శిల్ప చెవి దగ్గరికి వంగింది. “నర్సు జాగ ఎండకాలం సంది ఖాళీ. గా రాత్రి డ్యూటీ డాక్టరు ఒక్కదానిదే.”

“ఏ డాక్టరుది?”

“నీ భుజం మీద చెయ్యేసింది సూడు. గామెది.”

బస్సు గుంతలో పడి లేచింది. శిల్పకు సరిగా వినపడలేదేమో అనిపించింది. వినపడింది.

“గామె ఉండకుండ యాడికి వొయ్యింది?”

“హైదరాబాదుకు. పేషెంట్ల ముచ్చట ఎట్ల వినాల్నో నేర్పుతరంట, గా ట్రైనింగుకు. గీ చాపలు పరుసుడు, అడుగుడు, గదంత ఆడ నేర్సుకొచ్చిందే. ఆమె బదులు ఇంకొకర్ని ఏస్త అన్నడు సారు. ఎయ్యలే.”

శిల్ప నవ్వబోయింది. నవ్వు కాదది.

“గామెకు తెలుసా? నా బిడ్డ వొయ్యింది గదే రాత్రి అని?”

“నాకు తెల్వదు. గీసారి నిజంగనే తెల్వదు.”

“తెలిసి నా చెయ్యి పట్టుకున్నదా, తెల్వక పట్టుకున్నదా?”

“చెప్తున్న గద తెల్వదని! పొద్దున్నించి నా పాణం తింటవేందే.” నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “కడుపుల వెట్టుకోలేక నీకు చెప్పిన. ఇంకెవ్వరికి చెప్పకు. మీ అత్తకు గూడ. ఈ ముచ్చట బయటికొస్తె నా నోట్లకెల్లే వొచ్చిందని సారు పట్టుకుంటడు. మల్ల రేపటి కొలువు రేపే పోతది. నా కూడు ఇప్పుడు నీ నోట్ల ఉన్నది బిడ్డా.”

బిడ్డా అంది. ఇన్నాళ్లకు ఒకరు ఆ పిలుపు పిలిచారు. పిలిచి, నోరు కుట్టుకొమ్మన్నారు.

శిల్ప లెక్కలు వేసుకుంది. డాక్టరమ్మ కనుక్కుంటానంది. అడిగేది దశరథం సారునే. ఆయన ఏదో ఒక పేరు చెప్తాడు. ఇంకో ఆయమ్మ, ఇంకో వాచ్‌మన్, ఎవరో ఒక లోకువ మనిషి. వచ్చే నెల చాప మీద ఆ పేరు బయటికొస్తుంది. ఇంకో ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. లేదా ఆమెకు ఇప్పటికే అంతా తెలుసు. తెలిసి మాట ఇచ్చింది.

ఏది నిజమైనా, డాక్టరమ్మ ఎదుట నిలబడి అడిగితే తప్ప తెలియదు. అడిగితే పెద్దత్త కొలువు పోతుంది. అడక్కపోతే ఆ భుజం మీద చెయ్యి పడిన చోటు జన్మంతా మండుతూనే ఉంటుంది.

కూడలిలో బస్సు ఆగింది. ఎదురుగా, వచ్చిన దారినే దవాఖాన వైపు వెనక్కి పోయే బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

“దిగేటోళ్లు ఎవరన్న ఉన్నరా?” కండక్టరు కేకేశాడు.

శిల్ప లేచి నిలబడింది. నాగేంద్రమ్మ ఆమె కొంగు అందుకుని పిడికిట్లో బిగించింది. కేకకు పార్వతమ్మ మేలుకుని వెనక్కి తిరిగి చూసింది.

“యాడికే?”

శిల్ప ఎదుటి బస్సు వైపు చూసింది. కొంగు లాక్కోనూ లేదు, కూర్చోనూ లేదు. “రైట్” అనబోయిన కండక్టరు ఆగి విసుక్కున్నాడు.

“ఓ పిల్లా, దిగుతవా, ఉంటవా? రెండు బండ్లు నీ కోసమే ఆగినయ్.”